గొడుగు మాస్టారు చూపించిన పత్థర్‌గట్టి

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం పంపమని నిర్వాహక సంఘం వారు అడిగిన నాటి నుంచి, హైదరాబాదులోని పత్థర్‌గట్టి వీధిలో నడిపిస్తూ మన గొడుగు మాస్టారు చెప్పిన పాఠం తప్ప నాకు మరొకటి తోచడం లేదు. వార్షికోత్సవ నాటకాన్నీ, గంట మాయమైన ఉదంతాన్నీ మన తరగతిలోని జేబురుమాలు జట్టు ఎలాగూ రాస్తుంది.

ఆ రోజు ఆయన మనల్ని ముందుగా మూసీ నది మీది నయాపూల్ వంతెనపై నిలబెట్టారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసిన తరువాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలవడం వరుసగా చెప్పి, "ఇక ఆ సంస్థ వీధినేం చేసిందో చూద్దాం పదండి" అంటూ మదీనా కూడలి దాటించారు. అక్కడి నుంచి రెండు వైపులా గ్రానైటు కమానుల వరుస, దాని వెనుక దుకాణాలు, పైన ఇళ్లు. అత్తరు, ముత్యాలు, పెళ్లి చీరలు అమ్మే ఆ అంగళ్ల వంక మనం చూస్తుంటే, ఆయన మాత్రం కమాను కింది బాట వెడల్పును అడుగులతో కొలిపించారు. కొనేవాడికీ, ఊరికే నడిచిపోయేవాడికీ ఒకే నీడ దొరకాలని కట్టించిన వీధి ఇదని ఆయన చెబుతుంటే రెండో బెంచీ వాళ్లు సైతం నోరు మెదపలేదు. మచిలీ కమాను దాటి గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గరకు చేరాక, నాలుగు కమానుల నడుమ నిలబడి, 1591 నాటి చార్మినార్‌కూ ఇరవయ్యో శతాబ్దపు పత్థర్‌గట్టికీ పొత్తు ఎలా కుదిరిందో ఆయన వివరించిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పాతదాన్ని అనుకరించకుండానే దాని పక్కన గౌరవంగా నిలబడిన కట్టడం అది. నా దృష్టిలో ఆ నగరంలో అంతకు మించిన వీధి లేదు.

ఆ తరువాత తొమ్మిది, పది తరగతులు ఎలా గడిచాయో నాకు స్పష్టంగా గుర్తులేదు. ఇంజనీరింగు చదివి, వీధులకూ కాలిబాటలకూ నక్షలు గీసే పనిలో స్థిరపడ్డాను. నేను గీసిన బాటల మీద నేడు మూడు నగరాల ప్రజలు నడుస్తున్నారని చెప్పుకోవడానికి సంతోషిస్తున్నాను. మా కార్యాలయంలో కొత్తగా చేరినవారిని మే నెల మధ్యాహ్నం పత్థర్‌గట్టికి తీసుకువెళ్లి, కమాను కిందా, నడిరోడ్డు మీదా ఉష్ణోగ్రత కొలిపించి, ఆ తేడాను వారి తొలి నివేదికలో రాయిస్తున్నాను.