రెండో నంబరు రాడ్డు

మిర్యాలగూడ, మే 29, రాత్రి

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు, పదింటికే షెడ్డు రేకులు చిటపటలాడాయి. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ములు మొదలయ్యేలోపు బండి చేతికి రావాలని అందరిదీ ఒకటే తొందర. బోరుకు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి వచ్చిన మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్‌లో స్లీవులు (పిస్టన్లు నడిచే గొట్టాలు), క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) నిన్ననే కూర్చున్నాయి. ఇవాళ పొద్దంతా పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లతోనే సరిపోయింది.

హోనింగ్‌కు, అంటే రంధ్రం లోపల సానబట్టి గుండ్రం చేయించడానికి, లేత్ షాపుకు పంపిన రెండో నంబరు రాడ్డు పొద్దున్నే వచ్చింది. బేరింగు రేకులు లేకుండా క్యాపు (రాడ్డు కింది కొసను క్రాంకుకు పట్టించే సగం ముక్క) పెట్టి, పూర్తి టార్క్‌కు (మాన్యువల్ చెప్పిన బిగింపు బలానికి) బిగించి, రంధ్రం లోపలి కొలత చూసే బోర్ గేజ్‌తో నిలువునా, అటూ ఇటూ ఏటవాలుగా మూడు చోట్ల కొలిస్తే మూడూ ఒకటే వచ్చాయి. పంపకముందు దాని కొలత నిలువునా 0.05 మిల్లీమీటర్లు తక్కువ ఉండేది. కారణం వెతకక్కర్లేదు, క్యాపు ముఖం మీదే ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా కనబడ్డాయి. వెనకటికి ఎవరో బిగ్ ఎండ్ (క్రాంకుకు పట్టే రాడ్డు పెద్ద కొస) లూజయిందని క్యాపును రాకి బిగించారు.

బండి యజమాని పక్కన కూర్చుని అడిగాడు: "రెండు రాకులు రాకితే బిగుసుకుంటది గదా, గంత దూరం పంపుడెందుకు?"

"నిలువుకు బిగుసుకుంటది కాకా, పక్కలకు లూజు అట్లనే ఉంటది. గుండ్రం పోయి కోడిగుడ్డయితది."

ఈ అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, పోవాలి. బిగ్ ఎండ్ రంధ్రాన్ని క్యాపు బిగించి ఉంచే బోరు చేస్తారు. ఆ గుండ్రంలో సగం రాడ్డులో, సగం క్యాపులో ఉంటుంది. ఇంకో రాడ్డు క్యాపు పెట్టినా, అదే క్యాపును తిప్పి పెట్టినా, ముఖం రాకినా గుండ్రం చెడుతుంది. రాకిన క్యాపుతో నాలుగు రోజులు కొట్టుడు శబ్దం వినబడదు. ఆ తర్వాత పైనా కిందా ఆయిల్ పొర నిలవక బేరింగు వేడెక్కి, లోహం కరిగి, క్రాంకును పట్టేసుకుంటుంది. అందుకే రాడ్డు మీదా క్యాపు మీదా ఒకే నంబరు ఉంటుంది, రెండూ ఒకే పక్కకు రావాలి. నంబర్లు లేకపోతే విప్పకముందే బిగ్ ఎండ్ పక్కన మందం ఉన్నచోట కొట్టుకోవాలి. రాడ్డు నడుం మీద మాత్రం పంచ్ పడొద్దు. లాగుడూ తోపుడూ మోసేది ఆ నడుమే, పగులు పుట్టేది కూడా అలాంటి చిన్న గాటు దగ్గరే.

మూడు రాడ్లనూ వంకర, మెలిక చూశాకే పిస్టన్లు ఎక్కించాం. పాత పిస్టన్ల మీద రాపిడి మచ్చ రెండు పక్కలా నిలువుగా, సమంగా ఉంది. అది పైన ఒక పక్కకు, కింద రెండో పక్కకు ఏటవాలుగా పడితే రాడ్డు వంగిందని అర్థం. వాగు దాటుతుంటే ఎయిర్ క్లీనర్ గుండా నీళ్లు తాగిన బళ్లలో ఇది చూస్తాం. నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్ పైకి రాబోతే రాడ్డే వంగుతుంది.

కొత్త పిస్టన్లను మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పిస్టన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే చిన్న ఇరుసు) బొటనవేలితో తోసినా దిగింది. చల్ల పిస్టన్‌లోకి సుత్తెతో దించితే పిస్టన్ చెవులు (పిన్ను కూర్చునే రంధ్రాలు) సాగుతాయి, రాడ్డు పై కొసలోని చిన్న బుష్ అంచు చెడుతుంది. సర్‌క్లిప్పులు (పిన్ను పక్కకు జరగకుండా ఆపే తీగ రింగులు) కొత్తవే వేసి, గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తిప్పి చూడాలి. ఒక్కటి ఊడినా స్లీవు నిలువునా గీసుకుపోతుంది. పిస్టన్ తల మీది ముందు గుర్తు, రాడ్డు నంబరు పక్క మాన్యువల్ చెప్పినట్టు కలిశాకే పిన్ను దించాలి. తప్పు వస్తే మళ్లీ మొదటికే.

క్రాంకు కొలత సంగతి రాసుకోవాలి. ఇరవై అండర్ సైజుకు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, దాదాపు 0.50 మిల్లీమీటర్లు తగ్గించి గ్రైండ్ చేయించాం. నిన్న ఆటోలో ఎండకు వచ్చింది, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దించిన వెంటనే కొలిస్తే తప్పు కొలత వస్తుంది. 60 మిల్లీమీటర్ల ఉక్కు క్రాంకు పిన్ను (రాడ్డు పట్టుకునే భాగం), మైక్రోమీటర్ కంటే 25 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 0.017 మిల్లీమీటర్లు లావు చూపుతుంది. ఈ పిన్నుకు ఉండాల్సిన ఆయిల్ సందే 0.06, అందులో పావు వంతుకు పైగా అక్కడే పోతుంది. క్రాంకు, మైక్రోమీటర్, బేరింగులు ఒకే నీడలో మూడు గంటలు ఉంచాకే ప్రతి పిన్నునూ రెండు చోట్ల, అడ్డంగా నిలువుగా కొలిచాం. తేడా 0.01 లోపే ఉంది.

బేరింగు వీపు, అది కూర్చునే చోటు పొడిగా ఉండాలి. అక్కడ ఆయిల్ చుక్క కూడా వద్దు. బేరింగు వేడి రాడ్డులోకి దిగేది ఆ వీపు గుండానే. లోపలి ముఖానికి మాత్రం ధారాళంగా ఆయిల్ రాయాలి. బేరింగు నాలిక రాడ్డు గాడిలో పడాలి, ఆయిల్ రంధ్రం ఉంటే రంధ్రానికి రంధ్రం కలవాలి. బేరింగు అంచు క్యాపు ముఖం కంటే వెంట్రుకంత పైకి కనబడుతుంది. అది ఉండాల్సిందే, బిగించినప్పుడు బేరింగును కదలకుండా నొక్కి పట్టేది ఆ వెంట్రుకే. దాన్ని కూడా రాకేవాళ్లున్నారు.

సందు చూడటానికి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుతో సందు చూపే మెత్తని ప్లాస్టిక్) దారం ముక్క పిన్ను మీద పెట్టి, క్రాంకు తిప్పకుండా పూర్తి టార్క్‌కు బిగించి విప్పాం. నలిగిన వెడల్పును దాని స్కేలుతో పోల్చి చూస్తే సందు మూడింటికీ 0.06 దగ్గరే నిలిచింది.

తర్వాత దింపుడు. పిస్టన్ రింగుల నోళ్లు (తెరిచి ఉన్న కొసలు) మూడు దిక్కులకు తిప్పి, రాడ్డు బోల్టులకు రబ్బరు పైపు ముక్కలు తొడిగాం. లేకపోతే బోల్టు మర కొత్తగా గ్రైండ్ చేసిన పిన్నును గీస్తుంది. పిన్నును అడుగుకు తెచ్చి, రింగులను నొక్కి పట్టే రింగ్ కంప్రెసర్ బ్లాకుకు ఆనించి, సుత్తె కర్రతో తోస్తే చాలు. ఎక్కడైనా ఆగిందా, రింగు అంచుకు తగులుకున్నట్టే. కొట్టకుండా బయటికి తీసి మళ్లీ పట్టాలి.

బోల్టులు ఆరూ కొత్తవి. పాతవాటిని పక్కన పెట్టి చూస్తే రెండింటి నడుం సన్నబడి, నట్టు మధ్యలోనే పట్టేస్తోంది. ఇంజన్ 2000 ఆర్‌పీఎం తిరిగితే ఎగ్జాస్ట్ చివర పిస్టన్ నిమిషానికి 1000 సార్లు పైకి పోయి ఆగుతుంది. ఎదురు నొక్కే పొగ ఉండదు, దాన్ని వెనక్కి లాగే బరువంతా ఆ రాడ్డుకున్న రెండు బోల్టుల మీదే. బోల్టు సాగి స్ప్రింగులా పట్టుకుంటేనే క్యాపు నోరు తెరవదు. చేతి అందాజుతో బిగిస్తే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ 8 కేజీఎం (కిలోగ్రామ్-మీటర్లు) అంటే ముందు 3, తర్వాత 6, ఆపైన 8, ఒకటి మార్చి ఒకటి. మరకు ఆయిల్ రాయమంటే రాయాలి, వద్దంటే మానాలి. ఒకే టార్క్ దగ్గర ఆయిల్ రాసిన బోల్టు పొడి బోల్టు కంటే ఎక్కువ సాగుతుంది.

ఒక్కో రాడ్డు బిగించగానే క్రాంకు చేత్తో తిప్పి చూడటం ఎప్పుడూ మానకూడదు. మొదటిది హాయిగా తిరిగింది. రెండోది బిగించాక సగం చుట్టుకు పట్టేసింది. హోనింగ్ చేయించిన రాడ్డే కావడంతో అనుమానం దాని మీదికే పోయింది. విప్పి చూస్తే క్యాపు బేరింగు లోపలి ముఖం మీద ఆవగింజంత మెరుపు, దానికి సరిగ్గా వెనక ఒక ఇసుక రేణువు. మధ్యాహ్నం వడగాలికి షెడ్డు తలుపు తెరిచి ఉంది, ప్లాస్టిగేజ్ తీశాక మళ్లీ కూర్చోబెట్టేటప్పుడు పడి ఉంటుంది. వెనక రేణువు ఎంత లావో ముందు ముఖం అంత ఉబ్బుతుంది. ఆ జత బేరింగులు పక్కన పెట్టి కొత్తవి వేసి, తలుపు మూసి, దారంతో మళ్లీ కొలిచి బిగిస్తే తిరిగింది. మూడోదానికి ఇబ్బంది రాలేదు. రాడ్డు పక్క సందు ఫీలర్ గేజ్‌తో (పలుచని కొలత రేకులతో) మూడింటికీ 0.20 దగ్గర వచ్చింది, రాడ్డును చేత్తో అటూ ఇటూ కదిపితే టక్ టక్‌మని జరుగుతోంది.

రేపు ఆయిల్ పంపు, ఛాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి). మొదటిసారి స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాలి. పాత ఆరు బోల్టుల మరలను సుత్తెతో నలగ్గొట్టి పాత సామాను డబ్బాలో వేశాం, బాగున్నాయనుకుని ఎవరూ తీసి మళ్లీ ఎక్కించకుండా.