నిమిషానికోసారి నీరసపడే వాచీ: నా సర్వీసింగ్ అనుభవం

పాత కీ వాచీ ఒకటి చేతికొచ్చింది. లోపల యూనిటాస్ 6497 మూవ్‌మెంట్, అంటే వాచీని నడిపే లోపలి యంత్రం. ఇది అసలు జేబు వాచీల కోసం చేసింది కాబట్టి సైజు పెద్దది, 36.6 మిల్లీమీటర్లు, 17 రాళ్ళు (రాపిడి పడే చోట్ల పెట్టే కెంపులు), సెకన్ల ముల్లు 9 అంకె దగ్గర విడిగా చిన్న డయల్లో తిరుగుతూ ఉంటుంది. విప్పడం నేర్చుకునేవాళ్ళని దీంతోనే మొదలుపెట్టమంటారు, పార్ట్స్ కంటికి ఆనతాయి, స్పేర్లు ఇంకా దొరుకుతాయి, ఆటోమేటిక్ గోల లేదు, డేట్ గోల లేదు. నాకొచ్చిందేమో కీ ఇస్తే నడుస్తుంది గానీ రాత్రి ఫుల్ కీ ఇచ్చి పడుకుంటే తెల్లారేసరికి ఆగిపోయి ఉంటుంది.

విప్పే ముందు డయల్ చూస్కోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు. 1960ల వరకు వచ్చిన వాచీల్లో చీకట్లో మెరిసే పూత చాలావాటికి నిజం రేడియమే. ఇప్పుడు మెరవట్లేదు కదా అని గోకడం మొదలుపెడితే అంతే సంగతులు, ఎందుకంటే చచ్చిపోయింది అందులో కలిపిన జింక్ సల్ఫైడ్, రేడియం కాదు, దాని సగం ఆయుష్షే 1,600 ఏళ్ళు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి తీసే దారి లేదు. ట్రిటియం ఐతే 12 ఏళ్ళకి సగం అయిపోతుంది కాబట్టి దాంతో అంత భయం లేదు. నాదాంట్లో అంకెలు మామూలు పెయింటే, ముళ్ళ మీద కూడా పూత లేదు, హమ్మయ్య అనుకుని ముందుకెళ్ళా.

వెనక మూత తీస్తే లోపలివైపు సూదితో గీసినట్టు సన్నటి గీతలు, లెన్స్ పెట్టి వాలుగా లైటు వేస్తే చదవడానికొచ్చాయి. సర్వీస్ చేసిన ప్రతి మెకానిక్కూ తన గుర్తు, నెల, సంవత్సరం గీసి పెట్టాడు. ఒకటి 3/71, ఇంకోటి 11/79, ఆఖరిది 87. ఆ తర్వాత ఏమీ లేదు. అంటే లోపలున్న నూనె అప్పటిదే ఉండొచ్చు, బంకైపోయి ఉంటుంది అని అక్కడే అర్థమైంది.

ఐనా సరే వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోకుండా ముందు టైమ్‌గ్రాఫర్ మీద పెట్టా, టిక్కులు విని వాచీ నడక కొలిచే మెషిన్ అది. రిపేరుకి ముందు రీడింగ్ లేకపోతే తర్వాత బాగుపడిందో లేదో దేంతో పోల్చుకుంటాం? ఇక్కడో చిన్న కిటుకుంది. మెషిన్‌లో లిఫ్ట్ యాంగిల్ (అటూ ఇటూ ఊగుతూ టైము కొలిచే బ్యాలెన్స్ చక్రం ఒక్కో టిక్కుకి ప్యాలెట్ ఫోర్క్‌తో కలిసి తిరిగే కోణం) మామూలుగా 52 మీద సెట్ అయి ఉంటుంది, ఈ మూవ్‌మెంట్‌కి 44 పెట్టాలి. మార్చకుండా చూస్తే యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో, 230 చూపించింది, పర్లేదే అనిపిస్తుంది, 44 పెట్టి చూస్తే అసలు బండారం బయటపడింది, 195. ఫుల్ కీ మీద డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 దాకా ఉండాలి. దిక్సూచి దగ్గర పెట్టి చూస్తే ముల్లు ఊగలేదు, అంటే అయస్కాంతం పట్టలేదు. హెయిర్ స్ప్రింగ్‌కి (బ్యాలెన్స్‌ని ఊపే సన్నటి చుట్ట స్ప్రింగ్) అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పిచ్చిగా ముందుకి పరిగెడుతుంది, డీమ్యాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోయేదానికి అనవసరంగా మొత్తం విప్పేస్తుంటారు.

విప్పడం గురించి పెద్దగా చెప్పను, ప్రతి అడుగూ ఫోటో తీస్కోండి చాలు. రెండు విషయాలు మాత్రం. మొదటిది, దేన్నైనా కదిపే ముందు మెయిన్ స్ప్రింగ్‌లో (కీ ఇస్తే బిగిసి వాచీని నడిపేది) ఉన్న బలం దింపేయాలి, క్లిక్ (అది వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం) పక్కకి నొక్కి పట్టుకుని కీ గుండీని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి, అలా చేయకుండా ప్యాలెట్ ఫోర్క్ (చక్రాలని ఒక్కో పన్నుగా ఆపి వదిలే చిన్న భాగం) తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పివట్లు, అంటే ఇరుసుల సన్నటి మొనలు, విరుగుతాయి. రెండోది, క్రౌన్ వీల్ (కీ గుండీ తిప్పిన బలాన్ని స్ప్రింగ్ వైపు చేర్చే చక్రం) మర చాలా మూవ్‌మెంట్లలో ఉల్టా మర, కొన్నిటికి నెత్తిన మూడు గీతలుంటాయి, నాదానికి ఏ గుర్తూ లేదు. మామూలు వైపు కొద్దిగా బలం పెట్టగానే ఇంకా బిగుసుకుంటోంది అనిపించి రెండో వైపు తిప్పితే వెన్నలా వచ్చేసింది. ఇక కీ వైపు ఉండే చిన్న స్ప్రింగులు తీసేటప్పుడు మొత్తం మూవ్‌మెంట్‌ని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతులు అందులో దూర్చి తీశా, చూసేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ ఎగిరిపోయిన స్ప్రింగ్ కోసం నేలంతా పాకేకన్నా నయం.

బ్యారెల్ (మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా) తెరిస్తే సగం జబ్బు అక్కడే కనబడింది. బయటికి తీసిన మెయిన్ స్ప్రింగ్ మంచిదైతే విచ్చుకుని ఎస్ ఆకారంలో పడుకోవాలి, ఇది పాత నీలం స్టీల్ స్ప్రింగ్, బయటికి తీసినా చుట్టలాగే ముడుచుకుని ఉంది, చేవ చచ్చిపోయింది. కొత్తది వేశా. కొత్తవి రింగులో చుట్టే వస్తాయి, బ్యారెల్ మీద సరిగ్గా ఆనించి బొటనవేలితో నొక్కితే లోపలికి జారిపోతుంది, ఏ వైపు పైకి రావాలో చూస్కోవాలి అంతే.

కడగడంలో ఒక్క హెచ్చరిక. ప్యాలెట్ ఫోర్క్ రాళ్ళనీ, బ్యాలెన్స్ కింద ఉండే ఇంపల్స్ రాయినీ లక్కతో అతికిస్తారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. మిగతావాటితో పాటు వాటినీ ఐసోప్రొపైల్‌లో నానబెట్టి మర్చిపోతే రాళ్ళు ఊడి చేతిలోకొస్తాయి. నేను ఆ రెండింటినీ లైటర్ పెట్రోల్‌లో మాత్రమే ముంచి తీశా.

బిగించడం మొదలెట్టా. బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండే చోట్ల చిక్కటి హెచ్‌పీ 1300 నూనె, వేగంగా తిరిగే పివట్లకీ బ్యాలెన్స్‌కీ పలచటి మోబియస్ 9010, ప్యాలెట్ రాళ్ళ ముఖాలకి 9415. ప్యాలెట్ ఫోర్క్ పివట్లకి మాత్రం నూనె పెట్టకూడదు, అది తిరగదు, అటూ ఇటూ కొట్టుకుంటుందంతే, నూనె పెడితే జిగురుకి బలం తగ్గిపోతుంది. రాయి గుంటలో సగానికి మించకుండా పెట్టాలి, ఎక్కువైతే నూనె పాకి వెళ్ళిపోయి చివరికి పివట్ పొడిగా మిగులుతుంది.

ఫోర్క్ పెట్టకముందు బ్యారెల్ పళ్ళని పుల్లతో కొద్దిగా తోస్తే చక్రాలన్నీ తిరిగి, ఆగే ముందు ఎస్కేప్ వీల్ (ఫోర్క్ ఆపి వదిలే ఆఖరి చక్రం) కాస్త వెనక్కి తిరగాలి, తిరిగింది. బ్యాలెన్స్ పెట్టగానే దానంతటదే కొట్టుకోవడం మొదలెట్టింది. టైమ్‌గ్రాఫర్ మీద పెడితే 280! కానీ చూస్తుండగానే 240కి పడిపోయింది, మళ్ళీ 280. కాసేపటికి మళ్ళీ పడింది.

అసలు నేనిదంతా రాస్తున్నది దీనికోసమే. ఇలాంటప్పుడు చాలామంది మొత్తం విప్పి మళ్ళీ కడుగుతారు, మళ్ళీ నూనె పెడతారు, అది రిపేరు కాదు, మొక్కుకోవడం. వాచీలో ప్రతి చక్రానికీ తన టైము తనకుంది, తప్పు ఎంతసేపటికోసారి వస్తోందో చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. ఇది గంటకి 18,000 బీట్ల మూవ్‌మెంట్, అంటే సెకనుకి 5. ఎస్కేప్ వీల్‌కి 15 పళ్ళు, ఒక్కో పంటికి రెండు బీట్లు, చుట్టు పూర్తవడానికి 30 బీట్లు, అంటే 6 సెకన్లు. నాలుగో చక్రం, అదే సెకన్ల ముల్లు మోసేది, నిమిషానికి ఒక చుట్టు. మూడోది కొన్ని నిమిషాలకి, మధ్య చక్రం గంటకి.

మెషిన్‌లో యావరేజ్ తీసే సమయం బాగా తగ్గించి, డయల్ పెట్టి సెకన్ల ముల్లు ఒక్కటే తొడిగి చూస్తూ కూర్చున్నా. ముల్లు 40 దగ్గరికి వచ్చినప్పుడల్లా పడుతోంది, ప్రతి నిమిషం అక్కడే. ఇక అనుమానం లేదు, నాలుగో చక్రమే. కానీ దాంట్లో ఎక్కడ? పైన పెద్ద చక్రం పళ్ళలోనా, కింద పినియన్‌లోనా (అదే ఇరుసు మీదుండే చిన్న పళ్ళ చక్రం)? దానికీ లెక్కుంది. పెద్ద చక్రంలో పళ్ళు బోలెడు కాబట్టి ఒక్కో పన్ను ఎస్కేప్ పినియన్‌తో ఉండేది సెకను లోపే, అక్కడ తేడా ఉంటే గ్రాఫ్ చటుక్కున కిందికి దిగి లేవాలి. పినియన్‌కి ఉండేది ఓ పది ఆకులు (దాని పళ్ళని అలాగే అంటారు), ఒక్కోటి మూడో చక్రంతో ఐదారు సెకన్లు పనిలో ఉంటుంది. నా గ్రాఫ్ దాదాపు 38 నుంచి 43 దాకా కిందే ఉండి మెల్లగా లేస్తోంది. అంటే పినియన్‌లో ఒక ఆకు.

ట్రైన్ బ్రిడ్జ్ (చక్రాల పైన బిగించే పలక) మళ్ళీ తీసి నాలుగో చక్రం ఒక్కటే బయటికి తీశా. మామూలు 10ఎక్స్ లెన్స్‌తో చూస్తే తళతళలాడుతోంది. పెగ్‌వుడ్ పుల్లని సూదిలా చెక్కి ఒక్కో సందులో గుచ్చి లాగుతూ పోయా, అన్నీ శుభ్రం, ఒక్క సందులో మాత్రం పుల్ల మొన జారకుండా ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగితే గోధుమ రంగు పెచ్చు ఒకటి చెవిలో గుబిలి ఊడినట్టు ఊడొచ్చింది. ఎండి వార్నిష్‌లా తయారైన పాత నూనె, పినియన్ స్టీల్ మీద సన్నగా అంటుకుని ఉంటే మెరుస్తూనే ఉంది కాబట్టి కంటికి ఆనలేదు, పెట్రోల్‌కీ లొంగలేదు. అందుకే పినియన్ ఆకుల మధ్య పుల్ల పెట్టకుండా కడిగాం కదా అనుకునే సర్వీస్ మీద నాకు నమ్మకం లేదు.

మళ్ళీ బిగించాక డయల్ పైకి 285, గ్రాఫ్ గీత తిన్నగా, 40 దగ్గర కూడా. నిలబెట్టి చూస్తే 255 ఉంది, అది మామూలే, నిలువుగా ఉంటే పివట్ పక్కవాటు మీద రాపిడి పెరుగుతుంది. రెగ్యులేటర్ (వేగం సరిచేసే చిన్న మీట) కొద్దిగా జరిపితే చేతికి పెట్టుకున్నప్పుడు రోజుకి పది సెకన్ల లోపు తేడాతో నడుస్తోంది, కీ ఇస్తే రోజున్నర దాటి పోతోంది.

బీట్ ఎర్రర్ (టిక్కుకీ టాక్కుకీ పట్టే సమయంలో తేడా) మాత్రం 1.2 మిల్లీసెకన్ల దగ్గర వదిలేశా. కొత్త మూవ్‌మెంట్లలో స్టడ్ (హెయిర్ స్ప్రింగ్ బయటి కొస బిగించే ముక్క) పట్టుకునే చెయ్యి కదులుతుంది, చిటికెలో సరిచేయొచ్చు, దీంట్లో అది కదలదు, బ్యాలెన్స్ తీసి హెయిర్ స్ప్రింగ్ కాలెట్‌నే (లోపలి కొస బిగించే చిన్న ఉంగరం) వెంట్రుకవాసి తిప్పాలి, కొద్దిగా చెయ్యి వణికినా స్ప్రింగ్ పోతుంది. 0.8 లోపు ఉంటే బాగుండేదే, కానీ వాచీ తనంతట తానే స్టార్ట్ అవుతోంది, టైమూ నిలబడుతోంది. పనికిరాని బ్యాలెన్స్‌లు కొన్ని పక్కన పెట్టుకుని కాలెట్ తిప్పడం వాటి మీద ప్రాక్టీస్ చేస్తున్నా, చెయ్యి తిరిగాక దీని పని చూస్తా.