ఊరొచ్చేస్తే కేసు పోతుందా?

సోంపేట, కవిటి వైపు నుంచి గల్ఫుకి వెల్డింగుకో రిగ్గింగుకో (క్రేన్లతో బరువులెత్తే పని) వెళ్లేవాళ్లలో ఒక ధీమా ఉంది. అక్కడ ఏం జరిగినా విమానమెక్కి ఊరొచ్చేస్తే చాలు, మన మనిషిని మన ప్రభుత్వం అప్పగించదని. ఇందులో నిజం సగమే.

యూఏఈతో 1999లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏ దేశమూ తన పౌరుణ్ని రెండోదానికి అప్పగించదు. అయితే దాని వెంటే ఒక షరతుంది: ఆ పని రెండుచోట్లా నేరమైతే సొంత దేశమే కేసు నడపాలి. ఫ్రాన్స్, జర్మనీలతోనూ పౌరుల్ని అప్పగించే పద్ధతి లేదు. అమెరికా దారి వేరు. పౌరసత్వం పేరుతో అప్పగింత కాదనకూడదని 1997 ఒప్పందంలోనే ఉంది. డల్లాస్‌లో నేరం చేసి విజయనగరంలో కూర్చుంటే, ఢిల్లీలో మేజిస్ట్రేటు విచారణ జరిగాక కేంద్రం పంపించేయొచ్చు.

ఇక్కడ కేసు ఎలా నడుస్తుందంటే, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షన్ (పాత సీఆర్పీసీలో 188) ప్రకారం నిందితుడు దొరికిన చోటో, కేసు నమోదైన చోటో నేరం జరిగినట్టే లెక్క. అబుదాబి లేబర్ క్యాంపులో జరిగిన హత్య శ్రీకాకుళం సెషన్స్ కోర్టుకి రావచ్చన్నమాట. కొత్త చట్టాలు అమల్లోకొచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిందైతే శిక్ష పాత ఐపీసీ కిందే.

విదేశంలో జరిగిన నేరం మీద ఇక్కడ విచారణకి అదే సెక్షన్ కింద కేంద్రం అనుమతి కావాలి, మెలిక అక్కడే పడుతుంది. ఆంధ్రా నుంచి వెళ్లిన ఒక కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది: కోర్టు కేసుని విచారణకి స్వీకరించేదాకా అనుమతి అక్కర్లేదు, ఆ తర్వాత అది లేకుండా ముందుకి నడవదు. అనుమతి కాగితం లేదు గనక ఎఫ్ఐఆర్ కట్టం అని స్టేషన్‌లో చెబితే నమ్మక్కర్లేదు.

అనుమతి వచ్చినా సాక్ష్యం సంగతి మిగిలే ఉంటుంది. ఫైలంతా అరబిక్‌లో ఉంటుంది, ధ్రువీకరించిన అనువాదం కావాలి. చూసినవాళ్లు నేపాలీలో బంగ్లాదేశీలో అయితే ఈపాటికి ఎవరి ఊరు వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. అక్కడి న్యాయాధికారి ముందో మన కాన్సులేట్ అధికారి ముందో ఇచ్చిన వాంగ్మూలాల నకళ్లని 209వ సెక్షన్ కింద తీసుకోవచ్చు, కానీ దానికీ కేంద్రం ఆదేశించాలి. నా ఉద్దేశంలో ఇలాంటి కేసులకి అసలు గండం ఇదే, చట్టంలో లోపం కాదు.

బ్యాంకు అప్పు ఎగ్గొట్టి వచ్చినవాళ్లకి అప్పగింతతో పనే లేదు. 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టు సివిల్ డిక్రీని (డబ్బు కట్టమనే తీర్పుని) నేరుగా మన జిల్లా కోర్టులో అమలుకి వేయొచ్చు. సర్టిఫైడ్ కాపీ, ఎంత వసూలైందో చెప్పే ఆ కోర్టు ధ్రువపత్రం ఉంటే చాలు, ఖాతా, స్థలం జప్తుకొస్తాయి. నోటీసు అందకుండానే ఎక్స్‌పార్టీ (అవతలివాళ్ల వాదన వినకుండా) డిక్రీ ఇచ్చి ఉంటే మాత్రం ఆ అభ్యంతరం ఇక్కడ చెప్పుకోవచ్చు.