తలుపు ముక్కు ఎటు?

‘రెండు పేజీలు, ఒక ఫొటో, ఆలస్యం చేయొద్దు’ అని మన పాత విద్యార్థుల సంచిక కమిటీ కబురు. హాస్టలు సాంబారు గురించి ఎలాగూ పదిమంది రాస్తారు. గంట మాయమైన సంగతి బొండాం గాడికి వదిలేస్తున్నాను, దాని మీద సర్వహక్కులూ వాడివే. నేను రాసేది డ్రాయింగు మాస్టారి గురించి, మన కాలువ లాకు (పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల తొట్టి) దగ్గర మనం పెట్టబోయే బొమ్మల గురించి. నా లెక్కలో రెండూ ఒకటే.

లాకు తలుపులు వేయమంటే క్లాసు క్లాసంతా వీధి గుమ్మం తలుపుల్లా తిన్నగా వేసింది. మాస్టారు ఒక్క మాటా అనలేదు. అందరినీ లాకు గట్టుకు తోలుకెళ్ళి, పుస్తకాలు లాకు తలుపులు, తూములు చూసుకునే లస్కరు తాత చేతికిచ్చి దిద్దమన్నారు. ‘ఈ తలుపులెడితే ఊరు మునుగుద్దండి మాస్టారూ’ అన్న తాత గొంతు మీకెవరికైనా మరుపొస్తుందా! రెండు రెక్కలూ కలిసేచోట ముక్కు ఎగువకు పొడుచుకు రావాలి. అప్పుడు నీరు ఎంత తోస్తే రెక్కలు అంత బిగుస్తాయి. దిగువకు తిప్పితే అదే నీరు వాటిని తెరిచేస్తుంది.

పడవ దిగువకు పోవాలంటే ముందు దిగువ తలుపులు మూసి, ఎగువ తూములెత్తి తొట్టి నింపుతారు. మట్టం సమానమయ్యాకే ఎగువ తలుపు కదులుతుంది. పడవ లోపలికొచ్చాక అది మూసి, దిగువ తూములు వదులుతారు. తొందరపడి లాభం లేదు. మూడు మీటర్ల వెడల్పు రెక్క రెండు మీటర్ల నీటిలో ఉంటే, జానెడు తేడాకే టన్నుకు పైగా బరువు మీద పడుతుంది. తూములు ఒక్కసారిగా ఎత్తితే తొట్టిలో పడవ గోడకేసి కొట్టుకుంటుంది. ఇదంతా మాస్టారు సుద్దముక్కతో గట్టు మీదే గీసి చూపించారు. ఆ ఏడు మిగతా సిలబస్ ఏమైందో ఆయనకే తెలియాలి.

ఇప్పుడు కమిటీ వాట్సాప్‌లో పెట్టిన లాకు తలుపు బొమ్మ నమూనా చూశాను. ముక్కు దిగువకుంది. ఫొటోలో బాగా పడుతుందట! కార్యదర్శి గారూ, తాత లేడు గానీ ఆయన మనవలున్నారు.

కాటన్ దొర విగ్రహాలకు మన డెల్టాలో కొదవ లేదు, ఇంకోటి వద్దు. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్లో పారింది సాగునీరే కాదు, సరుకు కూడా. కాకినాడ వైపు నుంచి ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా జలమార్గం ఉండేది. 2008లో ప్రకటించిన జాతీయ జలమార్గం 4లో ఆ దారి కూడా ఉంది. ఆ బరువు మోసినవాళ్ళ బొమ్మలు పెడదాం: గట్టు మీంచి తాడుతో పడవ లాగిన కళాసీలు, బస్తాలెత్తిన మిల్లు జట్టు, తూము తిప్పిన లస్కరు. వాళ్ళ ఇళ్ళకెళ్ళి అడిగి మరీ గీయాలి. తాడు పడవ ముందుకొసకు కట్టరు, తెరచాప స్తంభానికి కడతారు. కొసకు కడితే పడవ గట్టుకేసి తిరుగుతుంది, తాడు తుప్పల్లో చిక్కుకుంటుంది. లాగేవాడి నడుము ఎంత వంగాలో చెప్పగలిగింది లాగినవాళ్ళే. మా షెడ్డు నుంచి ఇవాళ ఐదారు జిల్లాలకు బొమ్మలు వెళుతున్నాయి. ఆ పని చేసిన మనిషి ఒకరు మట్టి నమూనా చూసి సరేనంటే తప్ప అచ్చు తీయను. అది మాస్టారి చలవ.

ఇక ఖర్చు సంగతి. సిమెంటు బొమ్మ చవకే, కానీ మడమల దగ్గర ముందు పగులుతుంది. చువ్వల మీద నలభై మిల్లీమీటర్ల సిమెంటు పొర ఉండదు, పైగా ఉప్పుబోరు నీళ్ళతో కలుపుతారు. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పొర ఊడొస్తుంది. ఫైబరు తేలిక, కానీ రాళ్ళేసే పిల్లల ముందు ఆగదు. నా ఓటు ఆరు మిల్లీమీటర్ల ఇనప రేకుకి, కరిగిన జింకులో ముంచి తీసినదానికి. బొమ్మలో వాడే బోలు గొట్టాలకు పైనా కిందా బెజ్జాలు తప్పనిసరి. గాలి లోపల చిక్కుకుంటే జింకు తొట్టిలోనే పేలుతుంది, నీరు నిలిస్తే లోపల్నుంచి తింటుంది. జింకు మీద మామూలు ప్రైమరు కొడితే రంగు పొరలుగా లేస్తుంది, జింకును పట్టుకునే ఎచ్ ప్రైమరు అడగండి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వాడేచోట నైలాన్ వాషరు వేయాలి, లేకపోతే పక్కన ఇనుము తొందరగా పోతుంది.

బొమ్మల దిమ్మె కాలువ గట్టు మీద మాత్రం వద్దు. గట్టు తవ్వితే గండికి దారి, నీటిపారుదల శాఖవారు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. గట్టు దిగువన ఖాళీ జాగాలో పెడదాం. అక్కడ నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది. మీటరున్నర తవ్వి, ఆ మట్టి తీసేసి, ఇసుక పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి.

తలుపు బొమ్మకు కావలసిన, లాకు తలుపు కింద గడప కొలతలు వేసవిలో కాలువ కట్టేసినప్పుడే దొరుకుతాయి. నీళ్ళు వదిలేలోగా టేపు పట్టేవాళ్ళు నలుగురు కావాలి. బొండాం, ఈసారైనా చెప్పులేసుకురా, అడుగున నత్తగుల్లలు కోస్తాయి.