అమావాస్య రాత్రి చెరువుగట్టు మీద

నల్లగొండ బస్టాండులో దిగేసరికి మామ, అత్త అప్పటికే వచ్చి ఉన్నారు. మామ మర్రిగూడ దిక్కు మనిషి. మెడ తిరగదు, నడుము వంగిపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నన్ను అట్లాగే తిరిగి చూసి, "వచ్చినవా బిడ్డా" అన్నాడు. ప్రతి అమావాస్యకు నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు గుట్ట మీది శివుని గుడికి పోతాడు. ఈసారి నేనూ వస్తానంటే రాత్రి ఎట్లాగూ అక్కడే కదా, పొద్దున్నే రా, పానగల్లు కూడా చూద్దామన్నాడు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం నీడ గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలపు గుడి. మూడు గర్భగుళ్లు, మధ్యలో మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలితే నీడా కదలాలి కదా అని అందరి అనుమానం. అక్కడ పడేది నేరుగా వచ్చే ఎండ కాదు, బయట చెదిరి లోపలికొచ్చే పగటి వెలుతురు. మండపం స్తంభాలు ఆ వెలుతురును రెండు వైపులా అడ్డుకుంటే, మధ్యలో వెలుగు తక్కువైన చోటే నీడై నిలుస్తుంది. చెదిరిన వెలుతురుకు పొద్దు ఎటున్నా ఒకటే.

మామకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విన్నాక చెప్పులు విప్పి, వంగిన నడుముతోనే ఇంకాస్త వంగి దండం పెట్టుకున్నాడు. "కట్టినోనికి గీ లెక్క తెలుసు గదా బిడ్డా. తెలిసే శివుని ఎనుక పెట్టిండు," అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

గుడి దాటితే ఉదయసముద్రం చెరువు. నాగార్జునసాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఇక్కడిదాకా తెచ్చారు. కట్ట మీద నిలబడి మామ చాలాసేపు నీళ్లనే చూశాడు. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో బోరు నీళ్లే తాగారు. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు మెల్లమెల్లగా కరిగి ఆ నీళ్లలోకి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలో పేరుకుంటుంది, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడిపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. 1996 పార్లమెంటు ఎన్నికల్లో ఇక్కడ పోటీలో ఉన్న 480 మందిలో ఎక్కువ మంది నిలబడింది కూడా ఈ నీళ్ల గోస దేశానికి చెప్పడానికే. ఏ దేవుడూ ఆ నీళ్లను బాగుచేయలేదు. కొట్లాడిన మనుషులు, పైపులు వేసిన ఇంజనీర్లు బాగుచేశారు. ఈ మాట మామ ముందే అన్నాను. "నిజమే," అన్నాడు.

సాయంత్రం నార్కట్‌పల్లి వైపు బస్సెక్కాం. అత్తకూ నాకూ జీరో టికెట్టు, మామకు మాత్రం డబ్బులు. గుట్ట కింద దిగేటప్పటికే జనం ఇసుకపోస్తే రాలనట్టు ఉన్నారు. జడల రామలింగేశ్వరస్వామి దగ్గర అమావాస్య నిద్ర చేయడానికి వచ్చినవాళ్లు. చాపలు, దుప్పట్లు, స్టీలు డబ్బాల్లో పులిహోర. స్వామి పాదుకలు ఒంటి మీద పెట్టించుకుంటే నొప్పులు పోతాయని నమ్మకం. మామ వరుసలో నిలబడి పెట్టించుకున్నాడు. పాదుక వీపు మీద ఆనినప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఆయన నుదుటి మీది ముడతలు విడిపోవడం దగ్గరనుంచి చూశాను.

మూడు గుండ్ల దగ్గర ఇరుకు సందు. ఎంత లావు మనిషైనా స్వామిని తలచుకుంటే అందులోంచి బయటపడతాడంటారు. మామ నడుముకు అది కుదరదు. గుండ్ల బయట బండ మీద కూర్చుని, లోపలికి పోయేవాళ్ల సంచులు, చెప్పులు కాస్తున్నాడు. ఎవరో ఒకామె చంటిపిల్లను కూడా ఆయన ఒళ్లో పెట్టి పోయింది.

అత్త పడుకున్నాక అడిగాను, "నొప్పి తగ్గుతదా మామా?" అని.

"డాక్టరు మంచోడు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. వంగిన బొక్కలు మల్ల సక్కగ గావన్నడు. గా ముచ్చట ఇని ఇంటికొచ్చిన. మరి తెల్లారి లెవ్వాలె గదా?" కాసేపాగి, "ఊళ్లె అందరు నా నడుమే చూస్తరు. ఈడ అందరికీ ఏదో ఒకటైతేనే వచ్చిండ్రు. నన్నెవలు చూస్తరు?" అన్నాడు.

చదువు పెరిగితే భక్తి దానంతటదే తగ్గుతుందని క్లాసులో నేనే చెప్పేదాన్ని. మామకు ఫ్లోరైడు గురించి నాకంటే ఎక్కువే తెలుసు, ఆయన ఒంట్లోనే ఉంది. రోగం ఎందుకొచ్చిందో సైన్సు చెప్పింది, నయం కాదనీ నిజాయితీగా చెప్పింది. ఆ తర్వాత మిగిలిన బతుకును ఎవరితో కలిసి మోయాలన్నది ఆయన గుట్ట మీద వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాటను అజ్ఞానమనడానికి నాకిక నోరు రాదు. ఎముకలు సరిచేస్తామని తాయెత్తులమ్మి డబ్బు గుంజేవాళ్లను మాత్రం క్షమించలేను. అత్త పుస్తెలతాడు ఒకసారి కుదువకు పోయింది అట్లాంటి మాటకే.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. సూర్యుడు ఇంకా రాలేదు, ఆకాశమంతా పలచటి వెలుతురు. మామ బండ మీద కూర్చుని ఉన్నాడు, ముందు రెండు కొబ్బరి చిప్పలు.

"నిన్నటి నీడ లెక్క మల్లొక్కసారి చెప్పు బిడ్డా. మనుమడు అడుగుతడు."

చిప్పలను నిలబెట్టి, వాటి వెనక అత్త స్టీలు డబ్బా మూత ఆనించాను. సూర్యుడు లేని వెలుతురులో మూత మధ్యన మసకగా ఒక చార కనపడింది. మామ దాన్ని చూడడానికి ఒళ్లంతా ఇటు తిప్పాడు.