నార్మల్ హద్దులోనే పెరిగిన సీఈఏ

పెద్దపేగు కాన్సర్‌కు ఆపరేషన్, ఆ తరువాత కీమో పూర్తయ్యాక, మూడు నెలలకొకసారి విజయవాడ సూర్యారావుపేటలోని ల్యాబ్‌కు వెళ్లి, జబ్బు తిరగబెడుతోందేమో రక్తంలోని ఒక ప్రొటీన్‌ను బట్టి చూసే సీఈఏ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చేవాణ్ణి. దీనికి పరగడుపున ఉండనక్కరలేదు కాబట్టి టిఫిను తినే బయలుదేరేవాణ్ణి.

సీఈఏ అనే ప్రొటీన్‌ను 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్తలు పెద్దపేగు కణితుల్లో గుర్తించారు. పొగ తాగనివారిలో ఇది సాధారణంగా మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపే ఉంటుంది. నాకు ఆపరేషన్‌కు ముందు బాగా ఎక్కువగా ఉండి, కణితి తీసేసిన కొన్ని వారాలకు తగ్గింది కనుక, నా విషయంలో ఈ పరీక్షను నమ్మవచ్చని సర్జన్ గారు చెప్పారు. కొందరి కణితులు ఈ ప్రొటీన్‌ను అసలు విడుదల చేయవు; వారికి రిపోర్టు బాగుందన్న భరోసా చాలదు.

రెండో ఏడాదిలో 1.9 ఉన్నది 3.6కు, ఆపైన 4.7కు చేరింది. అంతా నార్మలే కదా అని మా అబ్బాయి సంతోషించాడు. డాక్టరు గారు మాత్రం పాత రిపోర్టులన్నీ బల్ల మీద వరుసగా పరిచి, "వరసగా పెరుగుతోంది, అది చూడండి" అన్నారు. పొగ తాగినా, కాలేయ జబ్బులున్నా ఇది పెరగవచ్చు కాబట్టి వాటి గురించి అడిగారు. ల్యాబ్ మారితే పద్ధతి మారి అంకెలను పోల్చడం కుదరదని, కొన్ని వారాలాగి అదే ల్యాబ్‌లో చేయించమన్నారు. ఈసారి 8.2 వచ్చింది. సీటీ స్కాన్‌లో కాలేయం అంచున మచ్చ కనబడింది.

మచ్చ ఒక్కటే కావడంతో కాలేయంలో ఆ భాగాన్ని కోసి తీశారు. మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుందని ధైర్యం చెప్పారు గానీ, మొదటి ఆపరేషన్ కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చాలా రోజులు కుడిపక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

కణితి నుంచి రక్తంలోకి చేరే డీఎన్‌ఏ ముక్కలను పట్టుకునే పరీక్ష గురించి కూడా అడిగాను. 2022లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, రెండో దశ రోగులకు ఆ ఫలితాన్ని బట్టి కీమో ఇస్తే, కీమో పొందినవారు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గినా, కాన్సర్ తిరగబెట్టడం పెరగలేదట. అయితే ఏ రక్తపరీక్ష పెరిగినా, జబ్బు ఎక్కడుందో స్కాన్ చూపిస్తేనే తాను కత్తి పట్టగలనని సర్జన్ గారు అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇప్పుడు సీఈఏ 2 దరిదాపుల్లో ఉంది; పరీక్షలు మునుపటిలాగే, అదే ల్యాబ్‌లో సాగుతున్నాయి.