పొయ్యి ఒకటే, తినేవాళ్ళు ఆరుగురు: కొరియన్ బార్బెక్యూకి గుంపుగా వెళ్తుంటే

డాలస్ చుట్టుపక్కల కొరియన్ భోజనానికి రెండు చోట్లున్నాయి. ఒకటి క్యారల్టన్‌లో ఓల్డ్ డెంటన్ రోడ్డు మీద, హెచ్ మార్ట్ అనే కొరియన్ సరుకుల దుకాణం చుట్టూ ఉన్న దుకాణాల వరస. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఇక్కడికే. రెండోది డాలస్ ఊళ్ళోనే రాయల్ లేన్. అక్కడ 2023 నుంచి వీధి బోర్డులు కూడా కొరియన్ లిపిలో కనిపిస్తాయి. ఏ రెస్టారెంట్‌కి వెళ్ళాలన్నది మీ ఇష్టం. నేను రాసేది మన గుంపుల్లో మామూలుగా ఉండే పరిస్థితి గురించి: ఆరుగురు వెళ్తే ఇద్దరు శాకాహారులు, ఒకరిద్దరు బీఫ్ ముట్టరు, మిగతావాళ్ళు ఏదైనా తింటారు.

మన దగ్గర శాకాహారి పక్కనే మాంసాహారి కూర్చుని, ఎవరి ప్లేటు వాళ్ళు తిని లేవొచ్చు. కొరియన్ బార్బెక్యూలో అలా కుదరదు. బల్ల మధ్యలో పొయ్యి ఒకటే. ఉడుకుతూ వచ్చే జిగే (పులుసు) గిన్నెలో అందరి చెంచాలూ పడతాయి. పక్క వంటకాలు ఎవరి ముందున్నా అందరివీ. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ పొయ్యి మీద ఏది కాలాలి అన్నది ఫోన్‌లో టేబుల్ అడిగేటప్పుడే తేల్చుకోవాలి. ఆరుగురికి రెండు పొయ్యిలున్న పొడుగు బల్ల కావాలని అడగండి. నలుగురికి మించి ఒక పొయ్యి ఎలాగూ చాలదు. చివర కూర్చున్నవాళ్ళకి చల్లారిన ముక్కలే మిగులుతాయి. ఒక పొయ్యి బీఫ్‌కి, ఇంకోటి పంది, కోడి మాంసాలకి ఇచ్చేస్తే బీఫ్ తిననివాళ్ళ సమస్య తీరిపోతుంది. శాకాహారులు ఈ రెండో పొయ్యి వైపు చివర, పొయ్యికి కాస్త దూరంగా కూర్చుంటే నూనె చిటపటలు వాళ్ళ మీద పెద్దగా పడవు.

ఇంకో జాగ్రత్త. ‘తిన్నంత’ పద్ధతిలో నడిచే చోట్ల బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరూ ఆ ధర కట్టాలని సాధారణంగా నియమం ఉంటుంది. శాకాహారి రెండు ముల్లంగి ముక్కలు తిని పూర్తి డబ్బులు ఇచ్చుకోవాలి. గంటన్నర, రెండు గంటల గడువుంటుంది, వదిలేసిన మాంసానికి అదనంగా వేస్తారు. అందరూ మాంసం తినేవాళ్ళైతే లాభమే. కలగలుపు గుంపుకి మాత్రం ఐటమ్ లెక్కన తెప్పించుకునే చోటే మేలు. అసలైన వంట దొరికేదీ ఎక్కువగా అక్కడే. మెనూ చిన్నగా ఉంటే మంచి గుర్తు. ఒకే చోట జపాన్ వాళ్ళ సుషీ, టెరియాకి, కొరియన్ బుల్గోగి అన్నీ ఉన్నాయంటే నేనైతే పక్క తలుపు తడతాను.

శాకాహారుల సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే. కొరియన్ వంటలో కంటికి కనిపించే మాంసం తీసేయడం తేలిక, కనిపించనిది కష్టం. కిమ్చి పైకి క్యాబేజీ, కారం, వెల్లుల్లి. లోపల మామూలుగా ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలో, చేపల సాసో, రెండూనో ఉంటాయి. ముల్లంగి ముక్కలతో చేసే కక్దుగీ కూడా అంతే. జిగేలకి నీళ్ళు అంటే ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు మరిగించిన రసం. టోఫుతో చేసే సున్‌దుబు జిగేకి ‘వెజిటబుల్’ అని మెనూలో రాసున్నా, పైన వేసేవి కూరగాయలని మాత్రమే దాని అర్థం కావచ్చు. “మీట్ లేదు కదా?” అని అడిగితే లేదనే అంటారు, వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు. “ఈ రసం దేనితో కాచారు? నెత్తళ్ళా, బీఫా?” అని అడగాలి. కొరియన్‌లో రసాన్ని యుక్సు అంటారు, నెత్తళ్ళని మ్యొల్చి అంటారు. ఈ రెండు మాటలు చాలు.

తొక్‌బొక్కి కూడా ఇదే బాపతు. బియ్యప్పిండి ముద్దలు, ఎర్ర సాసు అని తెప్పించుకుంటే అందులో చేపపిండి పలకలు, నెత్తళ్ళ రసం ఉంటాయి. పాజొన్ అనే ఉల్లికాడల అట్టులో గుడ్డు కలిపే అవకాశం ఎక్కువ. దాని పేరు ముందు ‘హేముల్’ అని ఉంటే స్క్విడ్, రొయ్యలు పడ్డట్టే. జప్చే చిలగడదుంప పిండితో చేసిన సేమ్యా, కానీ మామూలుగా బీఫ్ తరుగు కలుపుతారు. ముందే కలిపి ఉంచేసే చోట్ల తీసి ఇవ్వడం కుదరదు, అప్పటికప్పుడు వేయించే చోటే అడగండి.

శాకాహారులకి ఎక్కువ భరోసా ఉన్నది దోల్సోత్ బిబింబాప్. రాచ్చిప్పలో వేడన్నం, మీద వేయించిన కూరగాయలు, మొలకలు, గుడ్డు, బీఫ్ కీమా వస్తాయి. “గోగి పె జుసెయో” అంటే మాంసం తీసేయమని. గుడ్డు వద్దంటే “గ్యెరాన్ పె జుసెయో”. గోచుజాంగ్ (మిరప ముద్ద) సాసు విడిగా తెమ్మనండి. కొన్నిచోట్ల ఆ సాసులోనే బీఫ్ వేయించి కలుపుతారు, అదీ అడగాలి. గిన్నె రాగానే కలిపేయకండి. లోపల పూసిన నువ్వుల నూనెలో అడుగు అన్నం చిటచిటమంటూ మాడు కట్టడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, రుచంతా ఆ మాడులోనే. తర్వాత సాసు ఒక చెంచాతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోండి. మన కారం అలవాటున్నవాళ్ళు గిన్నెడు సాసూ ఒంపేస్తుంటారు. గోచుజాంగ్‌లో కారంతోపాటు తీపి, ఉప్పు కూడా గట్టిగా ఉంటాయి, తర్వాత దిద్దుకోలేరు. గిన్నె అంచు చేత్తో ముట్టుకోవద్దు, పావుగంట తర్వాత కూడా కాలుతుంది.

ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళని మాత్రం ఈ భోజనానికి పిలవడం న్యాయం కాదు. కొరియన్ బౌద్ధ మఠాల వంటలో అవి వాడరు కానీ, మామూలు రెస్టారెంట్లలో ఆకుకూరలోనూ వెల్లుల్లి ఉంటుంది.

బీఫ్ తిననివాళ్ళకి: బుల్గోగి (పలచగా కోసిన మాంసం), గల్బి (పక్కటెముకల మాంసం) అని ఊరికే రాసుంటే బీఫే. ముందు ‘ద్వేజీ’ ఉంటే పంది, ‘దక్’ ఉంటే కోడి. మాందూ అనే కుడుముల్లో పంది, బీఫ్ కలిపే పూర్ణం మామూలే. నాచు చారుకీ, చల్లటి నూడుల్స్ రసానికీ తరచుగా బీఫ్ ఎముకలో, మాంసమో మరిగిస్తారు. వీళ్ళకి మంచి దారి దక్‌గల్బి. చున్‌చన్ ఊరి వంటకం ఇది. వెడల్పాటి ఇనుప పెనం మీద కోడి ముక్కలు, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యప్పిండి ముద్దలు ఎర్ర సాసులో వేయిస్తారు. ఉప్పు పట్టించి కాల్చిన కానగంత చేప కూడా బాగుంటుంది. మన గోదావరి జిల్లాల వాళ్ళు దానికి వంక పెట్టరు.

ఆర్డర్ ఇవ్వగానే బంచన్ అనే పక్క వంటకాలు వస్తాయి: సోయా మొలకలు, పాలకూర, తీపి సోయా సాసులో ఉడికిన బంగాళాదుంపలు, పసుపు రంగు ముల్లంగి ఊరగాయ, కిమ్చి, చేపపిండి పలకలు. వీటికి డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్ళీ తెస్తారు. కానీ అన్నీ ఒకేసారి ‘రీఫిల్’ అనొద్దు, తినేది మాత్రం పేరు చెప్పి అడగండి. శాకాహారులకి పసుపు ముల్లంగి పర్వాలేదు. మొలకలు, పాలకూర చాలాచోట్ల పర్వాలేదు, అడిగి తినండి. బల్ల అంచున బొత్తాం ఉంటే నొక్కండి. లేకపోతే “యొగియో” అని కాస్త గట్టిగా పిలవడం అక్కడ మర్యాదే. చెంచాలు, చాప్‌స్టిక్స్ కనిపించకపోతే బల్ల పక్కన సొరుగు లాగి చూడండి.

ఇక మాంసం. అన్నం, జిగే కూడా ఉన్నప్పుడు మాంసం తినే ఒక్కొక్కరికి పచ్చిది 200 నుంచి 250 గ్రాములు సరిపోతుంది. మొదట సగమే తెప్పించుకోండి.

కాల్చే వరుస తప్పకూడదు. మసాలా పట్టనివి ముందు, పట్టినవి తర్వాత. బుల్గోగి, గల్బిలని సోయా సాసు, చక్కెర, వెల్లుల్లి, నువ్వుల నూనె, తురిమిన కొరియన్ బేరిపండులో నానబెడతారు. పండులో ఎంజైములు మాంసాన్ని మెత్తబరుస్తాయి, చక్కెర రంగునిస్తుంది. అదే చక్కెర పెనానికి అంటుకుని నల్లగా మాడుతుంది. ముందు గల్బి వేసేస్తే ఆ తర్వాత వేసే ప్రతి ముక్కకీ ఆ చేదు అంటుతుంది. మాడితే గీకుతూ కూర్చోకుండా పెనం మార్చమనండి. దాన్ని బుల్పాన్ అంటారు, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మాంసం రకం మారినప్పుడు ఎలాగూ మార్చాలి.

మొదటిగా చాదొల్‌బగి, కాగితంలా తరిగిన బీఫ్. ఒక వైపు ఇరవై సెకన్లు, తిప్పి పది సెకన్లు. ఇంకో పొయ్యి మీద సమ్‌గ్యొప్సాల్, అంటే పంది పొట్ట దగ్గరి పొడుగు ముక్కలు. సుమారు సెంటీమీటరు మందం ఉన్నవి బాగా వేడెక్కిన పెనం మీద వేసి మూడు నాలుగు నిమిషాలు కదపకండి. పైన తడి మెరుస్తూ కనిపించినప్పుడు తిప్పి ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాతే కత్తెరతో నోట్లో పట్టేంత ముక్కలుగా కత్తిరించి, కోసిన అంచుల్ని కూడా ఎర్రబడనివ్వాలి. ముందే కత్తిరిస్తే రసం కారిపోయి ముక్క గట్టిపడుతుంది. పెనం సగానికి మించి నింపితే వేడి పడిపోయి, మాంసం కాలడం మానేసి ఉడుకుతుంది. గుంపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఆకలి మీద ప్లేటు మొత్తం కుమ్మరించేస్తారు, తెల్లగా నీరోడే ముక్కలొస్తాయి. ఏటవాలు పెనమైతే కింది వైపు కిమ్చి పరిస్తే కారే కొవ్వులో వేగుతుంది, చాలా బాగుంటుంది.

బొగ్గుల మీద వల ఉండే చోట కొవ్వు పడి మంట లేస్తే ముక్కల్ని పక్కకి జరపండి, నీళ్ళు చల్లకండి. గల్బి, బుల్గోగి మధ్యస్థం మంట మీద, తరచుగా తిప్పుతూ కాల్చాలి. కోడి ముక్క లోపల గులాబీ రంగు ఉండకూడదు, మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. పచ్చి మాంసం పట్టిన పట్టుకారుతో కాలినది తీయొద్దు. రెండో పట్టుకారు అడిగితే ఇస్తారు. పట్టుకారు ఒకరి చేతిలోనే ఉండాలి. ఆరుగురూ తిప్పితే ఏ ముక్క ఎప్పుడు వేశారో ఎవరికీ తెలీదు. ఆ ఒకరికి మిగతావాళ్ళు మధ్యమధ్య ఆకులో చుట్టి ఇవ్వాలి, లేకపోతే పాపం పస్తే.

ఇలా చుట్టడాన్ని స్సమ్ అంటారు. అరచేతిలో లెట్యూస్ ఆకు, దాని మీద కెన్నిప్ (ఘాటైన వాసనుండే పెరిల్లా) ఆకు, ఒకే ఒక్క మాంసం ముక్క, గోరంత స్సమ్‌జాంగ్ (సోయా, మిరప ముద్దలు కలిపిన సాసు), వెల్లుల్లి రేకు, మిరపకాయ ముక్క. కిళ్ళీలా మడిచి మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. కొరికితే అంతా ఒళ్ళో పడుతుంది. మసాలా పట్టిన గల్బికి స్సమ్‌జాంగ్ అక్కర్లేదు. మసాలా లేని ముక్కకి ఉప్పు కలిపిన నువ్వుల నూనె చాలు. కెన్నిప్ వాసన కొందరికి మొదట నచ్చదు, ముందు చిన్న తుంపు తిని చూడమనండి.

మాంసం అయ్యాక అసలు భోజనం వస్తుంది: అన్నం, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే దెన్‌జాంగ్ జిగే, లేదా ఐసు తేలే రసంలో నెంగ్‌మ్యొన్ నూడుల్స్. నూడుల్స్ సాగుతాయి కాబట్టి కత్తెరతో ఒకటి రెండుసార్లు కత్తిరించి, వెనిగర్, ఆవముద్ద కలుపుకోవాలి. అన్నం చెంచాతో తింటారు, గిన్నె చేత్తో ఎత్తరు. చెంచా, చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చడం చనిపోయినవాళ్ళకి పెట్టే పద్ధతి, అది చేయకండి.

సోజు అనే కొరియన్ మద్యం చిన్న సీసాలో వస్తుంది, మామూలు రకంలో ఆల్కహాల్ 16 శాతం ప్రాంతంలో ఉంటుంది, చిన్న గ్లాసులు సుమారు ఏడు వస్తాయి. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరు. పెద్దవాళ్ళకి రెండు చేతులతో పోస్తారు. నీళ్ళలా దిగిపోతుంది కాబట్టి కారు నడిపేవాళ్ళు బార్లీ టీకి కట్టుబడాలి.

బిల్లు ఆరుతో భాగించకండి. మాంసం 140 డాలర్లు, మిగతావి 90 అనుకుంటే, మాంసం నలుగురికి, మిగతావి ఆరుగురికి పంచితే మాంసం తిన్నవాళ్ళకి 50, శాకాహారులకి 15. దాని మీద డాలస్, క్యారల్టన్‌లలో అమ్మకపు పన్ను 8.25 శాతం, టిప్పు 20 శాతం. అంటే ఒక్కొక్కరి మొత్తాన్ని 1.2825తో గుణిస్తే 64.13, 19.24 వస్తాయి. సమానంగా పంచితే బిబింబాప్ తిన్నవాళ్ళు కూడా 49 డాలర్లు కట్టేవాళ్ళు. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే చాలాచోట్ల టిప్పు ముందే కలిపేస్తారు. కార్డు ఇచ్చే ముందు బిల్లులో ‘గ్రాట్యుటీ’ (టిప్పు) అన్న పద్దు ఉందేమో చూడండి. ఉంటే కింది ఖాళీ గడి నింపక్కర్లేదు.